పదేళ్ల హైబ్రిడ్ కారుకి కొత్త బ్యాటరీ వేయించాలా, వదిలించుకోవాలా: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు దగ్గరున్న ఊరు. మా బండి 2014 మోడల్ టొయోటా క్యామ్రీ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనూ, కరెంటు మోటారూ రెండూ ఉన్న కారు. భువనేశ్వర్‌లో ఉండే మా బావగారు కొత్త కారు తీసుకుంటూ 2019లో దీన్ని నాకు ఎనిమిదిన్నర లక్షలకి ఇచ్చారు. పక్క రాష్ట్రం బండి కాదు కాబట్టి మళ్లీ పన్ను కట్టే గొడవ కూడా లేకపోయింది. ఐదేళ్లపాటు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఆయిలు తప్ప పెద్ద ఖర్చేమీ పెట్టించలేదు. లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగాక 2024 వేసవిలో ఆ మోటారుకి కరెంటిచ్చే పెద్ద బ్యాటరీ మొండికేసింది. మే నుంచి ఆగస్టు దాకా నడిచిన ఆ వ్యవహారాన్ని జరిగినది జరిగినట్టు రాస్తున్నాను. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లు చెప్పే సలహాలు చాలానే విన్నాను. అవి మాలాంటి ఊళ్లకి పూర్తిగా సరిపోవు.

మే 13న మాకు ఓట్లయ్యాయి. ఆ తర్వాతి ఆదివారం, 19న, ఇంటికొచ్చిన చుట్టాలకి చంద్రగిరి వైపు జిరంగ్‌లో ఉన్న బౌద్ధ ఆరామం చూపిద్దామని బయల్దేరాం. ఐదుగురం, ఏసీ ఫుల్లు, బయట కాలిపోతున్న ఎండ. తిరుగు దారిలో ఘాటీ ఎక్కుతుంటే వెనక సీటు వెనక నుంచి ఫ్యాను హోరుమని మోగడం మొదలైంది. స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఒక నిమిషం నిండుగా ఉండేవి, ఇంకో నిమిషానికి రెండుకి పడిపోయేవి. మలుపు తిరిగేసరికి ఎర్ర త్రికోణం వెలిగి, 'చెక్ హైబ్రిడ్ సిస్టమ్' అని వచ్చింది. ఏసీ చల్లదనం తగ్గిపోయింది. పక్కకి ఆపి, నీడలో పావుగంట కూర్చుని, మళ్లీ స్టార్ట్ చేస్తే అయింది. ఇంటిదాకా నలభై దాటకుండా నడిపాను. వెనక కూర్చున్న పెద్దాయన "ఏటి బాబూ, కరెంటు బండికి కరెంటు పోయిందేటి?" అని నవ్వించారు గానీ నాకు మాత్రం చేతులు చెమటలు పట్టేశాయి. ఆ ఘాటీలో ఫోను సిగ్నల్ ఒకచోట ఉంటే పదిచోట్ల ఉండదు.

మర్నాడు మా ఊరి మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో అన్ని బళ్లూ చూసినవాడు. బానెట్ తెరిచి, లోపల నారింజ రంగు కేబుళ్లు చూసి చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. "దీన్ని నేను ముట్టను బాబూ. ఆయిలు మారుస్తాను, బ్రేకులు చేస్తాను. ఆ నారింజ వైరు జోలికి మాత్రం పోను" అన్నాడు. అతని మీద నాకు గౌరవం పెరిగింది. ఎందుకంటే ఇంకో ఇద్దరు "ఆ బ్యాటరీ కనెక్షను పీకేసి పెట్రోలు మీద నడిపేసుకోండి, ఏమవుద్ది" అని ధైర్యం చెప్పారు. ఈ మాట మీరూ వింటారు, అందుకే గట్టిగా చెబుతున్నాను: ఈ కారుకి మామూలు బళ్లకున్నట్టు స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటరూ లేదు. ఇంజన్ని తిప్పి స్టార్ట్ చేసేది పెద్ద బ్యాటరీ కరెంటే. ఏసీ కంప్రెసర్ నడిచేదీ దాంతోనే. అది పోతే ట్యాంకు నిండా పెట్రోలు ఉన్నా బండి అంగుళం కదలదు. పైగా ఆ కేబుళ్లలో వోల్టేజి 244 పైనే. ఆ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ అనే పెట్టె దాన్ని 650 దాకా పెంచుతుంది. సరదాగా పీకి చూసే వ్యవహారం కాదు.

బావగారికి ఫోన్ చేస్తే, "ముందు డిక్కీలో ఉన్న చిన్న బ్యాటరీ చూపించరా. అది నీరసపడినా ఇలాంటి లైట్లన్నీ వెలుగుతాయి" అన్నారు. మాట నిజమే. హైబ్రిడ్‌లో కూడా మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి వేరే ఉంటుంది, కంప్యూటర్లకీ లైట్లకీ తాళానికీ. మాది నాలుగేళ్లనాటిది, పరీక్ష చేయిస్తే నిజంగానే చివరి దశలో ఉంది. ఇక్కడ ఒక చిన్న తిరకాసు. బ్యాటరీ కొట్లో ఆరున్నర వేలకి మామూలుది వేసేస్తామన్నారు. అది డిక్కీలో, అంటే మనుషులు కూర్చునే చోటుకి దగ్గర్లో ఉంటుంది కాబట్టి, గ్యాసు బయటికి పోయే గొట్టం తగిలించే రకం కావాలి. అది విశాఖపట్నం నుంచి తెప్పిస్తే పద్నాలుగు వేలైంది, ఐదు రోజులు ఆగాను. వేశాక లైటు ఆరిపోయింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మా ఆవిడ పాలకొండ కోటదుర్గమ్మకి మొక్కు కూడా తీర్చేసింది.

జూన్ రెండో వారంలో మళ్లీ వెలిగింది. ఈసారి ఘాటీ లేదు, ఎండా లేదు, బజార్లోనే.

అప్పుడు మా అబ్బాయి ఆన్‌లైన్‌లో పద్నాలుగు వందలు పెట్టి ఓబీడీ స్కానర్ తెప్పించాడు, బండి కంప్యూటర్లో ఉన్న సమాచారం చదివే పరికరం. స్టీరింగ్ కింద గుచ్చితే బ్లూటూత్ మీద ఫోన్లో అంకెలు చూపిస్తుంది. హైబ్రిడ్ బళ్ల కోసం యాప్‌లు ప్రత్యేకంగా ఉన్నాయి. వాడు పక్క సీట్లో కూర్చుని చూస్తుంటే నేను పాతపట్నం రోడ్డు మీద నడిపాను. మా బ్యాటరీలో నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం మాడ్యూళ్లు, అంటే చిన్న బ్యాటరీ ముక్కలు, 34 ఉంటాయి, ఒక్కోటి 7.2 వోల్టులు. కంప్యూటరు వాటిని జతలుగా, 17 బ్లాకులుగా చూస్తుంది. నిలబడి ఉన్నప్పుడు అన్నీ 15న్నర వోల్టుల దగ్గర బుద్ధిగా ఉన్నాయి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే పదహారు బ్లాకులు 14కి కాస్త అటూ ఇటూగా దిగాయి, పదకొండోది మాత్రం 12.1కి జారిపోయింది. బ్రేకు వేస్తే అదే బ్లాకు మిగతా వాటికంటే ముందు పైకి ఎగబాకింది. "నాన్నా, దొంగ దొరికాడు" అన్నాడు వాడు. బండి కంప్యూటరు చూపించే లోపం కోడ్ చూస్తే పీ0ఏ80. అంటే బ్యాటరీ ప్యాక్ మార్చమని బండే చెబుతోందన్నమాట. నాకు అప్పటిదాకా ఉన్న టెన్షన్ కొంచెం తగ్గింది. చిత్రంగా ఉంటుంది గానీ, ఏమైందో తెలియకపోవడమే ఎక్కువ బాధ.

ఆ సాయంత్రమే వెనక సీటు దగ్గరున్న గాలి జాలీ కూడా ఊడదీసి చూశాం. బ్యాటరీని చల్లబరిచే ఫ్యాను గాలి పీల్చుకునేది కారు లోపలి నుంచే. జాలీ వెనక దుమ్ము, తువ్వాళ్ల నూలు, ఎవరి జుత్తో, ఒక గారెల పొట్లం కాగితం ముక్క అన్నీ కలిసి దళసరి బొంతలా పేరుకుని ఉన్నాయి. ఈ రకం బ్యాటరీకి శత్రువు వేడే. మా వేసవిలో ఆ బొంత కప్పుకుని అది పదేళ్లు నడవడమే గొప్ప. శుభ్రం చేశాక ఫ్యాను హోరు సగం తగ్గింది. కానీ పదకొండో బ్లాకు కోలుకోలేదు, చచ్చిన సెల్లు గాలి తగిలితే లేచి కూర్చోదుగా.

జూన్ 20 ప్రాంతంలో విశాఖపట్నం తీసుకెళ్లాం. పాతపట్నం దాటి హైవే ఎక్కి, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా. మామూలుగా నాలుగు గంటల లోపే. ఏసీ తక్కువలో పెట్టి, నెమ్మదిగా పోతే ఆరు గంటలైంది. నడుస్తోంది కాబట్టి నడిపించుకుంటూ వెళ్లాను. అసలు కదలకపోతే లారీ మీద ఎక్కించాల్సిందే, ముందు చక్రాలు నేలకి తగిలేలా కట్టి లాక్కెళ్లకూడదు. ఆ ఎక్కించుకెళ్లే బండికి ముందే ధర కనుక్కుంటే తొమ్మిదిన్నర వేలు చెప్పారు. రోడ్డు మీద సాయం అందించే పథకం ఒకటి కట్టి ఉన్నాను గానీ, రాష్ట్రం సరిహద్దు దాటించడానికి వేరే లెక్క అన్నారు. సరిహద్దు ఊళ్లవాళ్లు ఆ కాగితంలో ఈ ఒక్క విషయం చదువుకుని పెట్టుకోండి.

సర్వీస్ సెంటర్ గేటు దగ్గర ఓడీ నంబరు చూసి సెక్యూరిటీ అతను హిందీ అందుకున్నాడు. నేను తెలుగులో జవాబిస్తే, "ఒరిస్సా బండి కదాని" అని మొహమాటపడ్డాడు. లోపల పరీక్షకి 2,800. సాయంత్రానికి మా స్కానర్ చెప్పిందే వాళ్లూ చెప్పారు. ఎస్టిమేటు కాగితం మీద అంకె: కొత్త బ్యాటరీకి పన్నులు, కూలీ కలిపి మూడు లక్షల ఇరవై రెండు వేలు. సగం అడ్వాన్సు కడితేనే ఆర్డరు పెడతారు, మూడు నాలుగు వారాలు పడుతుంది. బీమా సంగతి అడిగాను. వాడకం వల్ల పాతబడినదానికి మోటారు పాలసీ రాదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని క్యాంటీన్‌లో టీ తాగుతుంటే రుచి తెలియలేదు.

ఆ తర్వాతి రెండు వారాలే అసలు పరీక్ష. ఇంట్లో మూడు పార్టీలయ్యాయి.

మా ఆవిడది అమ్మేద్దామనే పార్టీ. "ఏవండీ, కారు విలువలో సగంపైన పెట్టి బ్యాటరీ కొంటామా? రేపు ఇన్వర్టర్ పోతే?" అంది. కాదనలేని మాట. బరంపురంలో ఒక బ్రోకర్నీ, విశాఖలో ఇద్దర్నీ అడిగాం. లైటు వెలుగుతున్న బండికి లక్షా తొంభై వేలు మించి ఎవరూ చెప్పలేదు. అదే బ్యాటరీ బాగుంటే ఐదున్నర దాకా ఇస్తామన్నారు. అంటే బ్యాటరీ ఖరీదు ఎంతో, అది లేనందుకు తెగ్గోసే ధరా ఇంచుమించు అంతే. అమ్మినా డబ్బు కలిసిరాదు, పైగా కాళ్లకి బండి ఉండదు. ఇదే సైజు సౌఖ్యంతో కొత్త హైబ్రిడ్ కొనాలంటే ఇరవై లక్షలకి తగ్గదు.

బావగారిది కొత్త బ్యాటరీ పార్టీ. ఆయన వాదన పెట్రోలు ఆదా. "మళ్లీ లీటరుకి పదహారు కిలోమీటర్లు ఇస్తుందిరా, డబ్బు తిరిగొచ్చేస్తుంది" అంటారు. ఆయనంటే గౌరవమే గానీ లెక్క నిలబడలేదు. నేను ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లు తిరుగుతాను. నీరసపడ్డ బ్యాటరీతో లీటరుకి 12 వస్తోంది, బాగుంటే 15న్నర వస్తుందనుకుందాం. ఏడాదికి మిగిలేది 170 లీటర్లు. అప్పట్లో ఆంధ్రాకంటే మాకు పెట్రోలు ఆరేడు రూపాయలు చవక, లీటరు 102 చొప్పున వేసుకున్నా పదిహేడు వేలు. మూడు లక్షల ఇరవై వేలు రాబట్టాలంటే పద్దెనిమిదేళ్లు దాటాలి. కాబట్టి పెట్రోలు ఆదా కోసం ఎవరూ హైబ్రిడ్ బ్యాటరీ మార్చకండి. మార్చాలంటే కారణం వేరే ఉండాలి.

మా అబ్బాయిది మధ్యే మార్గం. హైదరాబాద్‌లో ఇలాంటి బ్యాటరీలు బాగుచేసేవాళ్లు ఉన్నారు. ఫోన్లో మాట్లాడితే రెండు దార్లు చెప్పారు. పాడైన మాడ్యూళ్లు మాత్రమే మార్చి మిగతావి సరిచేస్తే 48 వేలు, ఆరు నెలల వారంటీ. పరీక్షించిన పాత మాడ్యూళ్లతో కట్టిన పూర్తి ప్యాక్ అయితే లక్షా ముప్పై ఐదు వేలు, ఏడాది వారంటీ. నిజం చెప్పాలంటే ఆ 48 వేల మాట విన్నాక రెండు రాత్రులు నాకు మనసు అటే లాగింది.

ఫోన్లో మాట్లాడిన ఆ హైదరాబాద్ మనిషి మంచివాడే, అడిగినదానికి దాపరికం లేకుండా చెప్పాడు. ఒక్కో మాడ్యూల్ కొత్తలో 6.5 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో కరెంటు నిలవకి కొలత) పట్టుకుంటుంది. మీరు వేసేది ఎంత పట్టుకుంటుంది అంటే నాలుగున్నర పైన అన్నాడు. అవి ఏ ఏడాదివో అంటే, రకరకాల బళ్లలోంచి తీసినవి, చెప్పలేం అన్నాడు. అన్నీ వరసగా ఒకే గొలుసులో కలిపి ఉంటాయి కాబట్టి బలహీనమైనదాన్ని బట్టే మొత్తం నడుస్తుంది. ఒకటి మారిస్తే దాని తర్వాత పాతబడినది వరసలోకి వస్తుంది. "ఆర్నెల్లకో ఏడాదికో ఇంకోటి పోవచ్చు సార్, తీసుకురండి, గంటల్లో చేసిచ్చేస్తాం" అన్నాడు.

'తీసుకురండి' అన్న దగ్గరే నా ఆలోచన తెగింది. హైదరాబాద్ ఎల్బీ నగర్‌లో ఉన్నవాడు పొద్దున్న బండి ఇచ్చి సాయంత్రం తెచ్చుకుంటాడు. అతనికి 48 వేల దారే సరైనది, నేనైనా అదే చేసేవాణ్ని. పర్లాకిమిడి నుంచి బండిని లారీలో హైదరాబాద్ పంపాలంటే ఒక వైపే పాతిక వేలు అడిగారు. వాళ్ల మనిషి విశాఖ దాకా వస్తాడట, ఒడిశా రాడట. రెండుసార్లు పంపితే చవకబేరం కాస్తా ఎటో పోతుంది. డబ్బు అటుంచితే, మా అమ్మని నెలకోసారి బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. మోహన, తప్తపాణి మీదుగా ఘాటీ దారిలో పోయినా, హైవే మీద పోయినా, ఆ లైటు ఎప్పుడు వెలుగుతుందో అని స్క్రీన్ వైపే చూస్తూ నడపడం నా వల్ల కాదు. బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడన్నదే మా ఊళ్లో బ్యాటరీ ధర. ఇంకో ఐదారేళ్లు బండి ఉంచుకుంటానని తేల్చుకున్నాకే కంపెనీ ప్యాక్‌కి మొగ్గాను. రెండు మూడేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉంటే ఈ ఖర్చు పెట్టేవాణ్ని కాదు.

మా ఆవిడ ఒక షరతు పెట్టింది: ముందు బండి మిగతా ఒళ్లంతా చూపించాలి. చాలా మంచి షరతు. ఇన్వర్టర్ చల్లబరిచే పంపు, గేర్ల దగ్గర శబ్దాలు, అడుగున తుప్పు, అన్నీ చూపించాం. సస్పెన్షన్ బుష్‌లు తప్ప మిగతావి బాగున్నాయన్నారు. జూలై 4న లక్షా అరవై వేలు అడ్వాన్సు కట్టాను. కట్టేముందు వారంటీ ఎంతో బిల్లు మీద రాయించుకున్నాను, ఏడాది. పాత ప్యాక్ వాళ్లకే వదిలేయాలని కూడా కాగితంలో ఉంది. బ్యాటరీ వ్యర్థాలపై 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం వాడేసినవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసేవాళ్లదే. ఇంటికి తెచ్చుకుని తుక్కు కొట్లో అమ్ముదామనే ఆలోచన పెట్టుకోకండి, అది ప్రమాదం కూడా.

ఇక ఎదురుచూపులు. మూడు నాలుగు వారాలన్నది అయిదు దాటింది. 7న రథయాత్ర, ఊరంతా సందడి, నేను మాత్రం పొద్దున్నే ఫోన్ పట్టుకునేవాణ్ని. "గోడౌన్ నుంచి బయల్దేరింది సార్" అన్నమాట పది రోజులు విన్నాను. వానలు పట్టుకున్నాయి. బండి వాడకుండా వదిలేస్తే మిగిలిన బ్లాకులు కూడా దిగిపోతాయని, రెండు మూడు రోజులకోసారి అరగంట సేపు ఇంటి ముందే 'రెడీ'లో ఉంచేవాణ్ని. అమ్మ ఆసుపత్రికి రెండుసార్లు అద్దె కారు, ఒక్కోసారి నాలుగున్నర వేలు. ఇది ఎవరి ఎస్టిమేటులోనూ ఉండదు, మీరు వేసుకోండి.

ఆగస్టు 9, శుక్రవారం, ఫోన్ వచ్చింది. సోమవారం పొద్దున్నే విశాఖలో ఉన్నాను. దగ్గరుండి చూస్తానంటే అద్దం అవతల నిలబడనిచ్చారు. మెకానిక్ కుర్రాడు ముందు చిన్న బ్యాటరీ వైరు తీసి, దళసరి రబ్బరు గ్లవ్స్ వేసుకుని, పెద్ద బ్యాటరీ కరెంటుని తెంపే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ బయటికి లాగాడు. దాన్ని బల్ల మీద పెట్టలేదు, తన ప్యాంటు జేబులో వేసుకున్నాడు. తను లోపల చెయ్యి పెట్టి ఉండగా ఇంకెవరూ తిరిగి గుచ్చకూడదని. తర్వాత పది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇన్వర్టర్‌లో నిలవ ఉన్న కరెంటు దిగిపోవాలట. మీటరు పెట్టి సున్నా చూశాకే పనిలోకి దిగాడు. వెనక సీటు ఊడదీసి, ముగ్గురు కలిసి పాత పెట్టెని బయటికి తీశారు. మా ఊరి మెకానిక్ చెయ్యి ఎందుకు వెనక్కి లాక్కున్నాడో అప్పుడు పూర్తిగా బోధపడింది.

సాయంత్రం నాలుగున్నరకి చేతికిచ్చారు. చివరి బిల్లు 3,24,600, గాలి గొట్టం క్లిప్పులు కొన్ని విరిగాయని పైన వేశారు. దానికి కాసేపు గొడవపడ్డాను, ఏమీ తగ్గించలేదు. తిరుగు ప్రయాణంలో మా అబ్బాయి స్కానర్ గుచ్చాడు. తొక్కినా, బ్రేకు వేసినా పదిహేడు బ్లాకులూ ఒకదాని వెంట ఒకటి కదులుతున్నాయి, తేడా 0.2 వోల్టులు. నరసన్నపేట దాకా వాడు ఆ ఫోన్ కింద పెట్టలేదు.

చిన్న బ్యాటరీ, స్కానర్, పరీక్షలు, అద్దె కార్లు, తిరుగుళ్లు అన్నీ కలుపుకుంటే మూడు లక్షల అరవై వేలకి కాస్త ఇటుగా తేలింది. వినాయక చవితికి కొత్త బ్యాటరీతో బరంపురం వెళ్లొస్తే లీటరుకి పదిహేను వచ్చింది, బావగారు చెప్పిన పదహారు రాలేదు. ఫ్యాను జాలీ ఇప్పుడు రెండు నెలలకోసారి నేనే దులుపుతున్నాను, పది నిమిషాల పని. ఎండాకాలంలో బండి ఎండలో పెట్టాల్సి వస్తే ఎక్కగానే బయల్దేరకుండా అద్దాలు దించి లోపలి వేడి బయటికి పోనిస్తున్నాం, ఎందుకంటే ఆ ఫ్యాను పీల్చేది ఆ గాలినే. సస్పెన్షన్ బుష్‌లకి పద్దెనిమిది వేలు చెప్పారు. ఆ కాగితం ఇంకా మా ఆవిడకి చూపించలేదు.